రోశమ్మ ఈడ లేదు

"పేరు చెప్పినంత మాత్రాన పట్టుకుపోరత్తా," అని భారతి మూడోసారి అంది.

రోశమ్మ కోడలి చేతిలోని చేపల గిన్నె లాక్కుంది.

"నీకేం తెలుసమ్మే. నువ్వు నోరు తెరవబాక."

గడప బయట ఎండలో ఒకామె నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. భుజాన గుడ్డసంచి, చేతిలో సెల్‌ఫోన్. అందులో చూసి పేర్లు చదువుతోంది.

పోలేరయ్య. రోశమ్మ. వినోద్. భారతి.

ఆ చెరువు కట్ట కింద పద్నాలుగు ఇళ్లున్నాయి. కొత్త మనిషి వచ్చి పేరు అడిగితే పద్నాలుగిళ్లలోనూ జవాబు ఒకటే. వాళ్లు లేరు, యాడికి పోయినారో తెలీదు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఊళ్లో ఏ వస్తువు పోయినా పేర్లు రాసుకున్న కాగితంతో పోలీసులు ముందు ఇక్కడికే వచ్చేవాళ్లు. రోశమ్మ మొగుడు పోలేరయ్యను అట్లానే తీసుకుపోయారు. వారానికి తిరిగొచ్చాడు గానీ, అప్పటి నుంచి ఎడమకాలు ఈడుస్తూనే నడుస్తాడు.

ఇప్పుడు కూడా కొత్త గొంతు వినగానే వెనక తడిక తీసుకుని కంపచెట్లలోకి వెళ్లి కూర్చున్నాడు.

"రోశమ్మ అంటే ఎవరమ్మా?" అని అడిగింది బయట ఆమె.

"రోశమ్మ ఈడ లేదు," అంది రోశమ్మ, చెయ్యి ఊపుతూ. "ఎప్పుడో పోయింది."

ఫోన్ క్లిక్‌మంది.

రోశమ్మ గబుక్కున తలుపేసింది.

బయట ఆమె తలుపు అవతలి నుంచే చెప్పుకుపోయింది. ఇక్కడి నలభై ఒక్కమంది ఊరు విడిచి పోయారనీ, వాళ్ల ఓట్లు తీసేయమనీ అర్జీలు పడ్డాయట. శుక్రవారం ఆత్మకూరు ఆఫీసులో విచారణ. ఇంటికొకరు రావాలి. ఇంటి ముందర మనిషిని ఫోటో తీస్తే ఏ తేదీన, ఏ చోట తీసిందో ఫోన్లోనే పడుతుందట. ఉన్నారనడానికి అదే సాక్ష్యమట.

ఆ మాటలు విన్నాక భారతికి ముద్ద దిగలేదు.

కిందటేడు అవతలి చెరువు కింద కూడా ఇట్లానే ఓట్లు పోయాయి. ఆరు నెలలకు ఎవరో వచ్చి, ఈ జాగాలో మనుషులే లేరని కాగితం చూపించి గుడిసెలు పీకేశారు.

భారతి మొగుడు వినోద్ ఉదయగిరి దగ్గర నిమ్మతోటకు కాపలా ఉన్నాడు. భారతి ఫోన్ చేస్తే బుధవారం వచ్చాడు. సెల్‌లో ఆ లిస్టు వెతికి తీశాడు. ఓటు తీసేయమన్న ప్రతి పేరు పక్కనా, అర్జీ పెట్టిన మనిషి పేరు ఉంది.

నలభై ఒక్క పేర్ల పక్కనా ఒకటే పేరు. మాలకొండమ్మ.

గురువారం ఆ ఫోటో తీసినామె మళ్లీ వచ్చింది. వినోద్ ఎదురెళ్లి పేరేమిటని అడిగాడు.

"మాలకొండమ్మ," అంది ఆమె.

ఇళ్ల ముందర ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు.

"మా ఓట్లు తీసెయ్యమనిందీ నువ్వే, మా ఫోటోలు తీసేదీ నువ్వే. ఏం చేద్దామని వచ్చినావు మమ్మల్ని?" అన్నాడు వినోద్.

"పేరు నాదే నాయనా," అంటూ ఆమె ఇంకేదో చెప్పబోయింది.

ఎవరూ చెప్పనీలేదు. ఎవరో తోశారు. ఆమె చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత పట్టుకుని, వెనక్కి చూడకుండా చెరువు కట్ట ఎక్కి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున ఎవరు పోవాలన్నది తేలలేదు. అంతా కలిపి పట్టుకునేదానికే పిలుస్తున్నారని వినోద్ అన్నాడు. పోకపోతే ఇల్లు పోతుందని భారతి అంది. పోలేరయ్య కాలు నిమురుకుంటూ కూర్చున్నాడు.

రోశమ్మ ఓటు కార్డు కొంగున ముడేసుకుంది.

"పట్టుకుంటే నన్నే పట్టుకోనీ. ముసల్దాన్ని, నన్నేం చేసుకుంటారు," అని ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం దాటింది. పొయ్యి మీద అన్నం చల్లారిపోయింది. కట్ట మీద బండి చప్పుడు అయినప్పుడల్లా పోలేరయ్య కంపచెట్ల వైపు చూశాడు. వినోద్ రెండుసార్లు చొక్కా తొడుక్కుని రెండుసార్లు విప్పాడు.

నాలుగింటికి రోశమ్మ ఒక్కతే నడిచి వచ్చింది. చెంబెడు నీళ్లు తాగింది.

"మన పేర్లన్నీ ఉండాయి. ఒక్కటి కూడా పోలే."

భారతి గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది.

ఆఫీసరు తన ఫోటో చూపించాడని రోశమ్మ చెప్పింది. "అందులో నేనే. నేను లేనని చెయ్యి ఊపతా ఉండాను."

భారతికి నవ్వొచ్చింది. అత్త మొహం చూసి ఆపుకుంది.

ఆ మాలకొండమ్మ అక్కడ కనబడిందా అని వినోద్ అడిగాడు. రోశమ్మ మొగుణ్ణి లోపలికి పిలిచింది. అందర్నీ కూర్చోమంది.

"రేపు ఎవరూ పనికి పోబాకండి. పొద్దున్నే అందరం ఆమెను ఎతికేదానికి పోతా ఉండాము. దొరికితే మనింట్లోనే ఉంటాది."

"ఎవురమ్మా?"

"ఆ మాలకొండమ్మే. ఆ అర్జీలు ఆమె పేరు పెట్టి ఎవరో వేసినారంట," అంది రోశమ్మ మెల్లగా. "అవి తనవి కావని ఆఫీసులో రాసిచ్చిందని, పోయిన వారమే ఇంటోళ్లే ఆమెను గెంటేసినారంట. నిన్న మనం తరిమింది, పోయేదానికి ఇల్లు లేని మనిషిని రా."