ఇంకో సీటు

“మొహం కప్పుకో. ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకుంటారు,” అంటూ మానసిక వైద్యురాలి గది ముందు స్కార్ఫు అందించాడు భర్త.

బస్సు కండక్టరైన భార్య కస్సుమంది. “పక్కనే ఉన్న క్యాన్సర్ వార్డులో ఇన్నాళ్లూ బోడిగుండుతో తిరిగాను. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకండీ?”

“క్యాన్సరంటే జాలి పడతారే. ఇది వేరు.”

“ఏం వేరు? కళ్లు మూస్తే చావే కనబడుతోంది నాకు. ఇదీ వైద్యమేనని క్యాన్సర్ డాక్టరుగారు మీ ముందేగా చెప్పారు! సిగ్గు మీది. మీరే కప్పుకోండి.”

స్కార్ఫు అతని తలమీద పడేసి తలుపు తోసింది.

అతను దాన్ని తీయలేదు. దాని చాటున వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత, బస్సులో అరిచినట్టే, వరండా అంతా వినబడేలా అరిచింది.

“లోపల ఇంకో సీటు ఖాళీ ఉంది. ఎక్కండి!”