తేడాల పరీక్ష

సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఇన్‌స్టాల్ కాకుండా మూడోసారీ ఆగిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు.

ఇంజనీరమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆసుపత్రి తలుపుల ఎలక్ట్రానిక్ తాళాల్లో రహస్య సంకేతాన్ని కాపాడే పట్టిక ఆమె తయారుచేసిందే. రెండువందల యాభై ఆరు అంకెలు. లోపలికి ఒకటి వెళ్తే బయటికి ఇంకొకటి వస్తుంది.

సాయంత్రం ఐదింటికల్లా ఆ పట్టిక చిప్పుల ఫ్యాక్టరీకి వెళ్లాలి. చిప్పులోకి ఎక్కాక మార్చడం కుదరదు. ఈలోపు ఈ లైబ్రరీతో పరీక్షించాలి.

"మీ సిస్టమ్‌లో కంపైలర్ లేదమ్మా. ఆ ఏడుపంతా దాని కోసమే."

తలెత్తి చూసింది. మేనేజర్ కోసం వచ్చి, పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన. నలిగిన చొక్కా, ఒళ్లో ఒక ఫైలు.

ఆయన చెప్పినట్టే చేసింది. రెండు నిమిషాల్లో లైబ్రరీ ఎక్కేసింది.

పట్టికను దానికిచ్చి రెండు పరీక్షలు నడిపింది. రెండూ పాస్.

"తేడాల పరీక్ష కూడా చూడండమ్మా. ఆ అంకెల వరస నాకెందుకో అనుమానంగా ఉంది."

ఆమెకు ఒళ్లు మండింది.

"మూడు నెలలుగా చూస్తున్నానండీ దీన్ని. నాకు కనబడనిది మీకు కనబడిందా?"

"మూడు నెలలు చూశారు కాబట్టే అంటున్నా."

"మీరు వచ్చింది మేనేజర్ గారి కోసం కదా? సోఫా అటుంది."

పెద్దాయన ఫైలు తీసుకుని లేచి వెళ్లాడు. కాసేపటికి లోపల్నుంచి పిలుపొచ్చింది. లోపలికి వెళ్లిన ఆయన రెండు నిమిషాల్లోనే బయటికొచ్చేశాడు.

ఐదుకు పది నిముషాలు. పంపేద్దామని మౌస్ మీద చెయ్యి వేసింది గానీ మనసొప్పలేదు. తేడాల పరీక్ష నడిపింది. లోపలి అంకె మారితే బయటి అంకె ఎలా మారుతుందో ఎవరైనా ముందే పసిగట్టగలరా అని చూసే పరీక్ష అది.

నాలుగు దాటకూడని చోట ముప్పై రెండు.

తను పంతం పట్టి కూర్చునుంటే ఎవడైనా ఆ తాళాలు తీసేయగలిగేవాడు. మందుల గదివీ, పసిపిల్లల వార్డువీ!

ఫ్యాక్టరీకి ఫోన్ చేసి పని ఆపించింది. ఒక్క పరుగున రిసెప్షన్ దగ్గరికి వెళ్లింది.

"ఇందాకటి పెద్దాయనేరీ?"

"వెళ్లిపోయారక్కా. టెస్టర్ ఉద్యోగం కోసం వచ్చారు పాపం. ఈ వయసులో కొత్త టూల్స్ మీ తలకెక్కవని సార్ పంపించేశారు."

రిజిస్టర్‌లో పేరు చూసింది. అది పొద్దుట్నుంచీ తన కళ్లముందు ఉన్న పేరే.

తిరిగొచ్చి లైబ్రరీ మొదటి పేజీ తెరిచింది. ఆ పేరు కింద రెండే వాక్యాలు.

"నేను చేసిన పట్టికలో లోపం నాకే పదకొండేళ్ల దాకా తెలియలేదు. ఇంకొకరికి అలా జరక్కూడదని ఈ లైబ్రరీ రాశాను."