పన్నెండో ఇల్లు

సోమమ్మ అతని చేతిలోని కాగితం లాక్కుని వాకిట్లో బురదలోకి విసిరేసింది.

అతను వంగి తీసుకుని చొక్కా కొసతో తుడిచాడు.

నలభై దాటిన మనిషి. పేరు దేవా అని చెప్పాడు. పామేడు నుంచి వాగు దాటి నడిచొచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది.

“వేలిముద్ర ఒక్కటే పెద్దమ్మా. ఆగిన బియ్యం మళ్లా ఇయ్యమని అర్జీ పెడుతున్నం. ఇట్ల ఆగిన ఇళ్లు మీ ఊళ్లె పన్నెండున్నయి.”

“నిరుడు గూడ ఒకడు ఇట్లనే వచ్చిండు. వెయ్యమన్న కాడ వేలేసిన. రేషన్ బంద్ అయింది. నాది పక్కా ఇల్లంట. ఏది, సూపియ్యి పక్కా ఇల్లు.”

సర్కారు ఇల్లు నాలుగు గోడల దగ్గరే ఆగిపోయింది. కప్పు ఉండాల్సిన చోట తార్పాలిన్ వాననీళ్లకు బరువెక్కి వేలాడుతోంది. దాని కింద, నీళ్లు కారని మూల వెతుక్కుని మనవరాలు చాందిని కూర్చుంది.

“నాకెరుకే,” అన్నాడు దేవా. “ఈ గోడలు నేను చూసిపోయిన.”

“అంటే నువ్వు ఆఫీసోడివే.”

“అప్పుడు.”

ఆ మాట ఆమె వినిపించుకోలేదు.

“ట్రాక్టరున్న సీతయ్య పేరు పేదల లిస్టుల ఉంది. ఆయన చేన్ల మిరపకాయలు ఏరే నా పేరు లేదు. నేను షావుకారును, ఆయన కూలోడు. అట్ల రాసిన చెయ్యి నీదే గదా?”

దేవా తుడిచిన కాగితాన్ని మళ్లీ ఆమె ముందుకు చాపాడు.

“శుక్రవారంతో గడువు అయిపోతది. కోపం నా మీద ఉంచుకో పెద్దమ్మా. వేలు మాత్రం వెయ్యి.”

“ఒకసారి వేసినందుకే మెతుకు లేకుంట చేసిన్రు. పో. నా వాకిట్ల అడుగు పెట్టకు.”

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని పక్కింటి వైపు నడిచాడు.

రెండు నెలలు తిరిగేసరికి అర్జీలో వేలేసిన పదకొండు ఇళ్లకు బియ్యం వచ్చాయి. సోమమ్మ కూడా సంచి పట్టుకుని వరుసలో నిలబడింది. డీలరు జాబితా చూసి పక్కకు జరగమన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మర్నాడే పక్కింటి ముసలయ్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది.

గడువు దాటిపోయిందని, మళ్లీ సర్వే ఎప్పుడో తెలియదని చెప్పాడు, అందరూ హిందీ మాట్లాడే ఆ ఆఫీసులో తెలుగు వచ్చిన గుమస్తా.

“ఆ దేవాను పిలువు,” అంది సోమమ్మ. “తిట్టినందుకు పగబట్టి మళ్లా నా పేరు కొట్టేసిండు. ఆడి మొగం మీదనే అడుగుత.”

గుమస్తా తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

“ఆయన ఇక్కడ లేడమ్మా. భద్రాచలం దిక్కు మట్టి పనికి పోయిండు.”

“ఆఫీసోడికి మట్టి పనేంది?”

గుమస్తా ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

“మీ పన్నెండు ఇళ్లు పేదోళ్లవి కావని రాసిన కాగితం మీద మేమందరం సంతకాలు పెట్టినం, పెట్టనని నౌకరీ పోగొట్టుకున్నోడు ఆయనొక్కడే.”