రంగు చెప్పు

"రంగు చెప్పు," అన్నారు కృష్ణంరాజు మాస్టారు.

నిలువునా చీల్చిన చెరకు గడ పరదేశి ముఖానికి జానెడు దూరంలో ఉంది. అతను గడను చూడలేదు. మాస్టారి భుజం మీదుగా, వెనక నిలబడ్డ క్లాస్‌మేట్ నూకరత్నాన్ని చూశాడు. ఆమె చెవి గోక్కుంది.

"ఎరుపండి. మధ్యలో తెల్ల మచ్చలున్నాయండి. ఎర్రకుళ్ళు తెగులేనండి."

"బాగుంది." మాస్టారు ఆ గడను తెగులు గడల కట్ట మీద పడేసి, కత్తి పట్టుకుని పక్క సాలులోకి నడిచారు.

పరదేశి చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

యూనివర్సిటీ వృక్షశాస్త్ర శాఖ నుంచి ఎమ్మెస్సీ విద్యార్థులు పొద్దున్నే బస్సులో చోడవరం వచ్చారు. చెరకు తెగుళ్ళ మీద మాస్టారు చేసే పరిశోధనకు గడలు పోగుచెయ్యాలి. వచ్చే ఏడు తన దగ్గర రీసెర్చికి ఎవరిని తీసుకునేదీ బస్సు తిరిగి కదిలేలోపు చెబుతానని ఆయన అన్నారు. పరదేశిది ఈ ఊరే. ఆ సీటు రాకపోతే బెల్‌బాటమ్ ప్యాంటు విప్పేసి, నాన్నతో పాటు ఈ చెరకే నరుక్కుంటూ బతకాలి.

మాస్టారి పద్ధతంటే అందరికీ హడలు. గడ చీలుస్తారు, ఒకసారి వాసన చూస్తారు, విద్యార్థి ముందు పెడతారు. వాడు నోరు విప్పేదాకా తను ఒక్క మాట అనరు. ల్యాబులో మైక్రోస్కోపు దగ్గరా అంతే. స్లైడు మీద ఏ కణానికి ఏ రంగు పట్టిందో పిల్లలే చెప్పాలి. ఆయన దగ్గర రీసెర్చి చేస్తున్న దాసు పోయినేడు రంగులు తప్పు చెప్పాడట. ఆ వారమే పంపేశారు. "కళ్ళు సరిగా లేనివాడు నాకు పనికిరాడు" అన్నారట.

పరదేశికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. చిన్నప్పుడు పండుమిరపకాయల్ని చేత్తో నొక్కి చూసి కోసేవాడు. ఈ సంగతి వాళ్ళమ్మకీ, నూకరత్నానికీ తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దున బస్సు దగ్గరికి చద్దిమూట తెచ్చిన అమ్మ చెవిలో చెప్పింది. "మాస్టారికి ఉన్నమాట సెప్పీరా బాబూ. ఆయనేటి, పులా?"

"పులయితే చెట్టెక్కుదునే అమ్మా."

ఇప్పుడు నూకరత్నం పక్కకి వచ్చి గొణిగింది. "ఇంకెన్ని సాళ్ళున్నాయి పరదేశీ? గోకి గోకి నా చెవి ఊడొచ్చీలాగుంది."

"ఇంకొక్క సాలు, రత్నం. నీకు దణ్ణం పెడతాను."

"రేపు నువ్వు రీసెర్చిలో సేరితే? రోజూ నా చెవి పట్టుకెళ్తావేటి?"

అతనికి నవ్వు రాలేదు.

"నూకరత్నం!" మాస్టారు కేకేశారు. "బస్సులోంచి గోనెసంచులు పట్రామ్మా."

ఆమె పరదేశి వైపు ఒకసారి జాలిగా చూసి గట్టెక్కింది. మిగతా వాళ్ళ మాటలు ఎక్కడో దూరంగా వినబడుతున్నాయి. నిలువెత్తు చెరకు మధ్య మాస్టారూ, తనూ మిగిలారు.

గడ చీలింది. మాస్టారు వాసన చూసి ముందుకు చాపారు.

"రంగు చెప్పు."

పరదేశి దగ్గరగా చూస్తున్నట్టు వంగాడు. ఎర్రకుళ్ళు పట్టిన గడకుండే పులిసిన కల్లు వాసన గుప్పుమంది.

"ఎరుపండి."

"ఊఁ."

మరో గడ. ఈసారి ఏ వాసనా లేదు. మచ్చలూ లేవు. అటూ ఇటూ తిప్పాడు. తలెత్తితే, మాస్టారు కన్నార్పకుండా తన నోటి వైపే చూస్తున్నారు.

"ఎరుపు లేదండి. మంచి గడేనండి."

"నిజంగా?"

"నిజమేనండి."

మాస్టారు దాన్ని మంచి గడల్లో పెట్టారు. పరదేశి ఊపిరి పీల్చుకోబోయాడు.

అంతలో నూకరత్నం సంచులతో వచ్చింది. కట్టలు సర్దడానికి వంగి, ఆగిపోయింది.

"ఇదేటండీ మాస్టారూ! లోపలంతా రగతంలాగ ఎర్రగుంటే మంచివాట్లో ఎట్టేరేటి?"

అనేశాక పరదేశి ముఖం చూసి నాలిక్కరుచుకుంది.

మాస్టారు ఆమె వైపు తిరగలేదు. "కావాలనే పెట్టాను. నువ్వెళ్ళి అందర్నీ బస్సెక్కించు."

కావాలనే! అంటే ఉచ్చు వేసి పట్టుకున్నారన్నమాట. పరదేశి పక్కనున్న చెరకు గడను ఊతగా పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నారు మాస్టారు, ఆమె గట్టు దిగి కనుమరుగయ్యాక.

"పుట్టినప్పట్నుంచీనండి."

"ఇంట్లో ఇంకెవరికుంది?"

"మా మావకండి. అమ్మ తమ్ముడు. రైల్లో ఉజ్జోగం వస్తే కళ్ళు సూసి ఎనక్కంపేసేరండి."

"మరి ఇన్నాళ్ళూ నా క్లాసులో ఎలా నెట్టుకొచ్చావు?"

"రత్నం సైగ సేసీదండి. అది లేనప్పుడు వాసన సూసీవోణ్ణి." అతను చేతులు జోడించాడు. "దాసుని పంపేసినట్టు నన్ను పంపీకండి మాస్టారూ. ఈ సదువు తప్ప నాకింకేటీ లేదు."

మాస్టారు, నూకరత్నం ఎర్రగా ఉందన్న ఆ గడను తీసి ఎండలో పట్టుకుని చాలాసేపు చూశారు. గట్టు మీద ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. అయినా గొంతు బాగా తగ్గించారు.

"ఆ అమ్మాయిని కూడా తీసుకుందాం," అన్నారు. "మనిద్దరికీ రంగులు చెప్పాలి కదా."