పదో దెబ్బ

యుద్ధం రోజుల్లో సర్కారు గడియారాలన్నిటినీ ఒక గంట ముందుకు తిప్పించింది. ఇంట్లో గోడగడియారాన్ని శుభాకరే తిప్పి, "నేనొచ్చి వెనక్కి తిప్పుతా, ఎవరూ ముట్టుకోబాకండి" అని మిలిటరీకి పోయాడు. యుద్ధం ముగిసి, సర్కారు గడియారాలు వెనక్కి తిరిగి పదేళ్ళయింది. అతను రాలేదు. భార్య దీవెనమ్మ కీ ఇస్తుందే గాని ముల్లు ముట్టుకోదు.

ఈ రాత్రి జమ్మలమడుగు తాలూకా కచేరీలో తొమ్మిది గంటలు కొట్టారు. పది కొట్టాల్సిన ఇంటి గడియారమూ తొమ్మిదే కొట్టి ఊరుకుంది.

పదో దెబ్బ కోసం ఆమె చాలాసేపు చెవి ఒగ్గింది.

"గడియారం ముట్టినావా, పాపా?"

"నాకు యాడ అందుతాదిమా? స్టూలు మీద నీళ్ళకుండ ఉండాది గదా" అంది కూతురు.

కుండ కదల్లేదు. తలుపు గొళ్ళెం లోపలినుంచి వేసే ఉంది. స్టూలు లేకుండా ఆ ముల్లు అందేది ఒక్కరికే.

దీవెనమ్మ చీకటి గదిలోకి చూస్తూ, "ఇంకో కంచం పెట్టు" అంది.