వెంచర్‌కు చేసిన ద్రోహం

శామీర్‌పేట రియల్ ఎస్టేట్ లోకమా, నీకు చేసిన మహాద్రోహానికి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

ఇంట్లోవాళ్ల దృష్టిలో నేను కండ్లకోయలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. నిజానికి వెంచర్ టెంటులో దొంగ కొనుగోలుదారుణ్ని. ఎవరైనా తటపటాయిస్తే "గా ప్లాటు నాకే గావాలె!" అని ఎగబడతాను. నాలుగేళ్ల బీటెక్ చదువంతా ఆ అరుపులోనే పెడతాను. వాళ్లు కంగారుపడి సంతకం చేసేస్తారు. వానాకాలంలో ఆ ప్లాట్లు చెరువులో ఉంటాయని వాళ్లకు తెలియదు.

ఆ ఆదివారం ముందు వరసలో యాభై నాలుగేళ్ల లారీ డ్రైవరు కూర్చున్నాడు.

"లారీ ఇగ ఎన్నేండ్లు తోల్త సారూ? ముసలితనానికి గీ జాగనే ఆసరా. జర ఆలోచించుకోనియ్యిండ్రి."

మేనేజరు నాకు కన్నుగీటాడు. వెనక వరసలోంచి లేచాను.

నేను చేసింది ఒక్కటే. టెంటంతా వినబడేలా, "నాయినా, లే. మనింటికి పోదాం" అన్నాను.