ఊపిరి చప్పుడు

మంచినీళ్ల సీసా నింపుకుని డ్రైవరు తిరిగొచ్చేసరికి ఆసుపత్రి వరండాలో కుర్చీలో కూతురు లేదు. పక్కనే అతని తల్లి తాపీగా బత్తాయి వలుచుకుంటోంది.

“అమ్మా, పిల్లేదే?”

“ఇక్కడే ఎక్కడో ఉంటుంది. వెతుకు,” అందావిడ తొన నోట్లో వేసుకుంటూ.

డ్రైవరుకు ఒళ్లు మండింది. ఆపరేషనై నెల తిరగని పిల్ల. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం రెండు పాయలై గాలిగొట్టం చుట్టూ ఉంగరంలా బిగుసుకుంటే, డాక్టరమ్మ ఒక పాయను కోసి విడదీసింది. ఇవాళ చూపించడానికి తీసుకొస్తే, తీరా పిలుపొచ్చే వేళకు మాయం. మెట్ల మీద పడిందో, లిఫ్టులో ఇరుక్కుందో, ఎవరైనా ఎత్తుకుపోయారో!

వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాడు. మందుల కొట్టు దగ్గర, ఎక్స్‌రే గది దగ్గర అడిగినవాళ్లనే మళ్లీ అడిగాడు. ఒక్కరూ సరిగ్గా చెప్పరు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాపలావాడు మీసాల చాటున నవ్వుతున్నాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్న సంగతి డ్రైవరు అప్పుడు చూసుకున్నాడు. నవ్వితే నవ్వి చావండి, నా పిల్లను చూపించండి చాలు అని లోలోపలే తిట్టుకున్నాడు.

ఇక ఒక్కటే దారి. ఇంట్లో దాగుడుమూతలాడితే ఆ పిల్ల ఏనాడూ గెలిచిన పాపాన పోలేదు. బీరువా వెనక నక్కినా, మంచం కింద దూరినా, కుక్కరు ఈలలాంటి ఊపిరే పట్టిచ్చేసేది.

“బాబ్బాబు, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి,” అని అందరికీ చేతులు జోడించాడు. “మా పిల్ల ఊపిరి తీస్తే గోడ అవతల నుంచైనా నాకు వినబడుతుంది.”

టీవీ కట్టేశారు. దగ్గేవాళ్లు దగ్గు ఆపుకున్నారు. డ్రైవరు కళ్లు మూసుకుని చెవులు రిక్కించాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“ఆ చప్పుడు పోవాలనే కదరా ఆపరేషను చేయించింది?” అంది తల్లి.

నిజమే కదా. ఇప్పుడు పిల్లను కనుక్కునేదెలా? డ్రైవరు పై ప్రాణాలు పైనే పోయాయి. ఉన్నచోటే కూలబడి, నా తల్లీ ఎక్కడున్నావే అని ఏడుపందుకున్నాడు.

వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు.

“నాన్నా, ఇందాకట్నుంచి నీ వెనకే తిరిగి తిరిగి కాళ్లు నొప్పెడుతున్నాయి. ఇంక ఎత్తుకో.”